తలగాయానికి ఏడు రోజుల లెక్క సరిపోదు

తలకు దెబ్బ తగిలింది, కుట్లు వేశారు, ఇంటికి పంపారు. అంతటితో గండం గడిచిందనుకుంటాం. నెల తర్వాత వాంతులు, ఫిట్స్ వస్తే దాన్ని పాత దెబ్బతో కలిపి చూసేవాళ్లు తక్కువ. ప్రాణాలు పోయేది అక్కడే.

పుర్రె అడుగు ఎముక చిట్లితే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచో చెవిలోంచో కారుతుంది. ఆ దారినే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. మెనింజైటిస్ వారాల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. ఆపరేషన్ చేసి తిరిగి అమర్చిన ఎముక దగ్గర నెలల తర్వాత చీము పట్టవచ్చు. మెదడులో చీముగడ్డ ఉన్నా జ్వరం లేకపోవచ్చు. వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటి ఉప్పటి ద్రవం కారడం, తగ్గని తలనొప్పి, మగత, కుట్ల దగ్గర చీము: వీటిలో ఏది కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. చీముగడ్డకు సాధారణంగా 6 నుంచి 8 వారాలు యాంటీబయాటిక్స్ వాడాలి.

ప్రభుత్వం లెక్క వేరు. రోడ్డు ప్రమాద బాధితుల కోసం 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం రూ.1.5 లక్షల వరకు, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజులకే వర్తిస్తుంది. మామిడి చెట్టు మీంచి పడిన కూలీకి అదీ లేదు. 2022లో జిల్లా విడిపోయాక రుయా, స్విమ్స్ రెండూ తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి. పలమనేరు నుంచి రావాలంటే వంద కిలోమీటర్ల పైమాటే, కుప్పం ఇంకా దూరం. రోగికీ తోడొచ్చినవాళ్లకూ కూలి పోతుంది. రివ్యూకు రాలేదని రోగిని తప్పుపట్టేముందు ఇది చూడాలి.

దళితులపై దాడి కేసుల్లో నష్టం రెండింతలు. ఊండ్ సర్టిఫికెట్‌లో మొదటిరోజే 'సాధారణ గాయం' అని రాస్తే కేసు పలచబడుతుంది. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ప్రాణాపాయం తెచ్చిన గాయం, 15 రోజులు పని చేసుకోనివ్వని గాయం తీవ్ర గాయమే. అట్రాసిటీ కేసులో 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఇన్ఫెక్షన్ ఆ తర్వాత బయటపడితే? బీఎన్‌ఎస్‌ఎస్ 193(9) కింద తదుపరి దర్యాప్తుకు వీలుంది. అడిగితేనే అది కదులుతుంది.

అందుకే డిశ్చార్జి చీటీ, స్కాన్ ఫిల్ములు, ఊండ్ సర్టిఫికెట్ నకలు బాధిత కుటుంబం దగ్గర భద్రంగా ఉండేలా మనం చూడాలి. ప్రమాద లక్షణాలను డిశ్చార్జి చీటీ మీద తెలుగులో రాయాలని, తలగాయాలకు 7 రోజుల గడువు ఎత్తేయాలని, రివ్యూకు ప్రయాణ ఖర్చు ఇవ్వాలని డిమాండ్ చేయాలి. కుట్లు విప్పాక కూడా బాధితుల ఇంటికి మళ్లీ వెళ్లి పలకరించడం మన ఉద్యమ పనిలో భాగం కావాలి.