డీజిల్‌కు వర్తించని ఒకే పన్ను

ఒకే దేశం, ఒకే పన్ను అంటూ 2017 జూలై 1న జీఎస్టీ తెచ్చారు. ఎక్సైజు, వ్యాట్, సర్వీస్ ట్యాక్స్, ప్రవేశ పన్ను చాలా సరుకుల మీద ఒకదాంట్లో కలిసిపోయాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి శ్లాబులు తగ్గించి, ఎక్కువ సరుకుల్ని 5, 18 శాతాల్లోకి తెచ్చారు. మంచి పనులే. కానీ ఆ సరుకును మోసే లారీలో పోసే డీజిల్ ఇప్పటికీ ఈ లెక్కలోకి రాలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చిన్న షెడ్డునే తీసుకోండి. ఇనుప రేకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని యజమాని తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటాడు. కరెంటు పోయి జనరేటర్ వేస్తే, అందులో కాలిన డీజిల్ మీది పన్నుకు ఆ వెసులుబాటు లేదు. అది ఖర్చులో కలిసి, బిల్లులోకెక్కి, దాని మీద మళ్లీ జీఎస్టీ పడుతుంది. బంకులోనూ అదే తంతు. కేంద్రం వేసిన ఎక్సైజు కలిసిన ధర మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. పన్ను మీద పన్ను పడకూడదనే కదా జీఎస్టీ తెచ్చింది!

పోనీ, ఆ వ్యాటైనా అందరికీ ఒకటేనా? తెలంగాణలో డీజిల్ మీద 27 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కర్ణాటకలో ధర తక్కువ కాబట్టి అనంతపురం వైపు వచ్చే డ్రైవర్లు సరిహద్దు దాటకముందే ట్యాంకు నింపుకుంటారు. ఇవతలి బంకులకు బేరం పోతుంది, మన ఖజానాకు రాబడీ పోతుంది.

డీజిల్‌ను జీఎస్టీలోకి తెస్తే రాబడి పోతుందనే రాష్ట్రాల భయం అర్థం లేనిది కాదు. జీఎస్టీ వచ్చాక సరుకుల మీద సొంతంగా రేటు పెట్టుకోగల పెద్ద పన్నుల్లో వాటికి మిగిలినవి మద్యం, పెట్రోలు, డీజిల్ మీదివే. జీఎస్టీ వల్ల తగ్గిన రాబడికి ఇచ్చిన అయిదేళ్ల పరిహారం 2022 జూన్‌తో ముగిసింది. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం ఈ విషయాన్ని ఇప్పుడు కాదని పక్కన పెట్టింది అందుకే. అయినా దారి మూసుకుపోలేదు. మండలి సిఫార్సు చేస్తే చాలు, డీజిల్‌ను లోపలికి తేవచ్చు. 18 శాతం జీఎస్టీ వేసి, దాని పైన దేశమంతటా లీటరుకు ఒకే సెస్సు పెట్టాలి. అందులో రాష్ట్రాల వాటా ఇప్పటి రాబడికి తగ్గదని చట్టంలోనే రాయాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులు కలిసి, వచ్చే మండలి సమావేశం ఎజెండాలో డీజిల్‌ను పెట్టమని అడగాలి. మిగతా రాష్ట్రాలు వద్దంటే ఎందుకు వద్దో అక్కడే చెప్పించాలి.