ఊరి లెక్కలో కూలీ ఎక్కడ?

డెల్టాలో ఏ చిన్న ఊరికైనా జనాభా లెక్కల పుస్తకంలో ఒక వరస ఉంటుంది. ఇన్ని ఇళ్ళు, ఇందరు మగవాళ్ళు, ఇందరు ఆడవాళ్ళు, ఎస్సీలు ఇందరు, చదువొచ్చినవాళ్ళు ఇందరు, సాగుదార్లు ఇందరు, వ్యవసాయ కూలీలు ఇందరు. అంతే. పంచాయతీలో ఎస్సీలకు ఎన్ని వార్డులు దక్కాలన్నా, ఆహార భద్రత చట్టం కింద రాష్ట్రానికి ఎంత బియ్యం రావాలన్నా పైవాళ్ళు చూసేది ఆ అంకెల్నే. అందులో మన బతుకు ఎలా ఎక్కిందో మనం మాత్రం ఎన్నడూ తిరగేసి చూడలేదు.

ఆ లెక్క ఆఖరుసారి తీసింది 2011లో. 2021లో తియ్యాల్సినదాన్ని కరోనా పేరు చెప్పి ఆపారు. కరోనా పోయింది, లెక్క రాలేదు. చివరికి 2025 జూన్ 16న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది: 2027 మార్చి 1 నాటికి జనం లెక్క, దాంతోపాటు కులాల లెక్కానూ. ఈలోగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలే మారిపోయాయి. తూర్పు, పశ్చిమ అన్న రెండూ ముక్కలై కోనసీమ, కాకినాడ, ఏలూరు విడిగా వచ్చాయి. పాత అంకెల్లోంచి కొత్త జిల్లాలను కోసుకున్నారు.

ముందు జనం సంగతి. ఉమ్మడి తూర్పు గోదావరిలో 2001లో 49 లక్షలమంది ఉంటే 2011కి 51 లక్షల 54 వేలయ్యారు. పశ్చిమలో 38 లక్షల 3 వేలు 39 లక్షల 37 వేలయ్యారు. పదేళ్ళలో తూర్పు పెరిగింది నూటికి ఐదు, పశ్చిమ మూడున్నర. అదే పదేళ్ళలో ఉమ్మడి రాష్ట్రం నూటికి పదకొండు, దేశం పదిహేడు పైచిలుకు పెరిగాయి. అన్నపూర్ణ అని పొగిడే నేల మీద మనుషులు ఎందుకు పెరగలేదు? పిల్లల్ని తక్కువగా కనడం ఒక కారణం. రెండోది, పేటలో ఏ ఇంటి తలుపు తట్టినా తెలుస్తుంది. కొడుకు హైదరాబాదులో తాపీ పనికి, కోడలు కువైట్‌లో ఇంటి పనికి, మనవడు అమ్మమ్మ దగ్గర. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1852 నుంచి నీళ్ళు మన ఊళ్ళోకి వస్తూనే ఉన్నాయి, మనుషులు మాత్రం బయటికి పోతున్నారు. ఇప్పుడేమో పెద్దలు పిల్లల్ని ఎక్కువ కనమని చెబుతున్నారు. 2024లో స్థానిక ఎన్నికల పోటీకి ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఎత్తేశారు. కన్నవాళ్ళకి పని ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

ఇక పని సంగతి. 2001లో దేశంలో సాగుదార్లు 12 కోట్ల 73 లక్షలు, వ్యవసాయ కూలీలు 10 కోట్ల 68 లక్షలు. 2011కి తిరగబడింది: సాగుదార్లు 11 కోట్ల 88 లక్షలకు తగ్గారు, కూలీలు 14 కోట్ల 43 లక్షలయ్యారు. దేశంలో అప్పుడు జరిగింది మన రాష్ట్రంలో ఎప్పుడో జరిగిపోయింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగుదార్లు 65 లక్షలకు కాస్త తక్కువ, కూలీలు కోటీ 70 లక్షలు. ఒక్క సాగుదారుకి ఇద్దరున్నర కూలీలు!

అయితే సాగుదారు అంటే ఎవరు? జనాభా లెక్కల వాళ్ళ నిర్వచనం మనవాళ్ళంతా తెలుసుకోవాలి. దాని ప్రకారం భూమి సొంతం కానక్కర్లేదు. డబ్బుకో, ధాన్యానికో, వాటాకో ఎవరి దగ్గరైనా తీసుకుని దున్నినా సాగుదారే. భూమిని ఇంకొకరికి ఇచ్చేసి, అజమాయిషీ కూడా చెయ్యకుండా శిస్తు తినేవాడు సాగుదారు కాడు. ఇది మన సంఘం రాసిన మాట కాదు, సర్కారు రాసుకున్నదే.

అదే సర్కారు మండలాఫీసులోకి వచ్చేసరికి మాట మార్చేస్తుంది. అక్కడ పాసు పుస్తకం ఉన్నవాడే రైతు. హైదరాబాదులో మేడ మీద కూర్చున్నా, చేను ఏ బోదె కింద ఉందో మర్చిపోయినా రైతే. పీఎం కిసాన్ ఏడాదికి 6 వేలు భూమి పట్టా ఉన్న కుటుంబానికే. భూమి లేని కౌలుదారుకు అందులో చోటు లేదు. 2011లో సాగుదార్ల చట్టమని రుణ అర్హత కార్డులన్నారు, 2019లో దాన్ని తీసేసి పంట సాగుదారుల హక్కుల చట్టమన్నారు. ఈ రెండో దాంట్లో పదకొండు నెలల కాగితం మీద యజమాని సంతకం కావాలి. ఏ కామందు సంతకం పెడతాడండీ? "కాగితం కావాలంటే వేరే చేను చూసుకో" అంటాడు. జనాభా పుస్తకంలో సాగుదారైన మనిషే బ్యాంకు దగ్గర ఎవడూ కాడు.

మక్తా ఎంతో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. సార్వా, దాళ్వా కలిపి ఎకరానికి ముప్పై బస్తాలనుకోండి. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా 1,777. మక్తా ఒక్కటే 53 వేల రూపాయల పైన. విత్తనం, ఎరువు, దమ్ము, కోత మిషను అద్దె, వడ్డీ అన్నీ దాని తర్వాత. ఆ ధర కూడా కళ్ళంలో దక్కితే! అందుకే ఎకరం కౌలుకి చేసే మనిషి నెలలో సగం రోజులు పక్కవాడి చేలో కూలికి వెళ్తాడు. అతన్ని ఏ గడిలో వెయ్యాలి? ఎక్కువ రోజులు దేనికి పోతే అందులో వేస్తారు. ఎవరు అడిగారు, ఎవరు జవాబు చెప్పారు అన్నదాన్ని బట్టే ఆ గడి మారిపోతుంది.

ఆడకూలీల సంగతికొస్తే ఇంకా అన్యాయం. ఏడాదిలో ఆరు నెలలు, అంటే 183 రోజులు, పని దొరికితే ముఖ్య శ్రామికురాలు. లేకపోతే ఉపాంత శ్రామికురాలు. ఈ పద్ధతి 1981 నుంచి వచ్చింది. 1961లో పనిచేసే ఆడవాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు, 1971లో ఒక్కసారిగా తగ్గిపోతారు. ఆడవాళ్ళు చేలల్లోంచి లేచి ఇళ్ళకి పోయారా? లేదు. 1971లో నీ ముఖ్యమైన పని ఏమిటని అడిగారు, ఇంటి పని అని రాసుకుపోయారు. ప్రశ్న మారింది, మనిషి మాయమైంది.

నా తప్పు కూడా చెబుతాను. 2011 ఫిబ్రవరిలో లెక్కలకి మా పేటకి ఒక మాస్టారు వచ్చారు. మంచాయనే. అరుగు మీద కూర్చుని "మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని అడిగారు. "ఇంట్లోనే ఉంటుందండి" అన్నాను. ఆ పూట మా అమ్మ దాళ్వా చేలో కలుపు తీస్తోంది! అప్పటికే నేను సంఘంలో తిరుగుతున్నాను, కూలి రేట్ల మీద ఉపన్యాసాలు ఇస్తున్నాను. సాయంత్రం అమ్మ వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గాని నేనేం చెప్పానో నాకు తట్టలేదు.

డెల్టాలో ఆడకూలీకి 183 రోజులు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఊడ్పులు రెండు కార్లకీ కలిపి నెలన్నర దాటవు. కలుపుకి మందు వచ్చింది. కోతకి, నూర్పుకి మిషను వచ్చింది. ఒకప్పుడు కోత, కుప్ప, నూర్పు అని రెండు నెలలు కడుపు నింపిన పని ఇప్పుడు ఒక్క పూటలో అయిపోతోంది. మిషను మీద నాకు కోపం లేదు, నడుములు వంగిపోయే పని అది. పోయిన కూలికి బదులేదన్నదే ప్రశ్న. భీమవరం చుట్టుపక్కల చేలు చెరువులైపోయాయి. చెరువు తవ్విన చోట కాపలా మనిషి, మేత వేసే మనిషి, పట్టుబడి రోజు ముఠా, అంతే. ఆడవాళ్ళు రొయ్యల షెడ్లకి వ్యానెక్కి పోతున్నారు. జనాభా పుస్తకంలో వీళ్ళు కూలీల గడిలోంచి జారి 'ఇతరులు' అవుతారు. రేపు కూలీలు తగ్గారని ఎవరైనా సంబరపడితే ఈ వ్యాన్లను గుర్తుచెయ్యండి.

పని మొత్తం ఒకరి గుప్పిట్లో ఉన్న ఊరు ఎలా ఉంటుందో 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో చూశాం. అంబేద్కర్ విగ్రహం పెట్టిన పాపానికి దళితులకు చేలో పని లేదన్నారు, కౌలు చేలు లాక్కున్నారు. ఆ ఊరి జనాభా వరసలో కూలీలు ఇందరు అనే ఉంటుంది. ఆ కూలి ఎవరి దయ మీద నడుస్తుందో రాయడానికి గడి లేదు.

ఇంకో సంగతి కలిపి చూడాలి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం అన్నారు. దగ్గర దగ్గర లక్ష ఎకరాలు బీడు పెట్టారు. గిట్టుబాటు లేదు, మురుగు కాలవలు పూడిపోయాయి అన్నారు. అది న్యాయమే, మేమూ సమర్థించాం. మోహన్ కందా కమిటీ వేశారు. కానీ విరామం అంటే ఆఫీసువాళ్ళకు జీతంతో సెలవు, కూలీకి పస్తు. ఆ డిమాండ్ల వెంటే ఇంకో మాట వినిపించింది: ఉపాధి హామీ వల్ల కూలీలు దొరకడం లేదు, సీజన్లో ఆ పనులు ఆపాలి అని. అప్పుడు మనం ఒప్పుకోలేదు, 2005 చట్టం కూడా ఒప్పుకోలేదు. 2025 డిసెంబరులో ఆ చట్టాన్ని తీసేసి పార్లమెంటు కొత్త చట్టం చేసింది. వంద రోజులు 125 అయ్యాయని గొప్పగా చెబుతున్నారు. లోపల చూస్తే వ్యవసాయ సీజన్లో 60 రోజుల దాకా పనులు ఆపొచ్చని ఉంది, ఖర్చులో నూటికి నలభై రాష్ట్రం మీదికి తోశారు. ఊడ్పుల నాడు ఉపాధి పని తెరిచి ఉంటేనే కామందు కూలి పెంచేవాడు. ఆ ఊతాన్నే తీసేశారు.

అందుకని రాబోయే లెక్కని ఆషామాషీగా తీసుకోవద్దు. మాస్టారు గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆడవాళ్ళ పని ఆడవాళ్ళే చెప్పాలి. కువైట్ వెళ్ళినవాళ్ళు, కౌలు కాగితం లేనివాళ్ళు ఎవరూ భయపడక్కర్లేదు. జనాభా చట్టం ప్రకారం అక్కడ చెప్పిన వివరం రహస్యం, కామందుకి తెలియదు. కౌలు చేస్తే కౌలనే చెప్పండి, మాట మింగొద్దు. మా వైపు కొన్ని పేటల్లో ఇంటర్ చదివే ఆడపిల్లల చేత నోటు పుస్తకాలు రాయిస్తున్నాం. చేలో పనికి వెళ్ళిన రోజుకి ఒక గీత, రొయ్యల షెడ్డుకి వెళ్ళిన రోజుకి ఒక సున్నా, ఉపాధి పనికి ఒక చుక్క. మొదటి పేజీలో మా అమ్మ పేరు రాశారు. డెబ్బై దాటిన మనిషి, పోయిన సార్వాలో పదకొండు గీతలున్నాయి.