పైఅంతస్తు ఎవరికి?

2001 జనాభా లెక్కల్లో బందరు (మచిలీపట్నం) పట్టణ జనం సుమారు 1.8 లక్షలు. 2011కి అది 1.7 లక్షలకు దిగింది. గుడివాడ 1.18 లక్షలకు చేరినా ఆ పదేళ్లలో పెరుగుదల నామమాత్రమే. ఈ ఊళ్ల చుట్టూ పొలాల్లో మాత్రం హద్దురాళ్లు, వెంచర్ల ఆర్చీలు లేస్తూనే ఉన్నాయి. ఎవరి కోసం?

అవనిగడ్డ నుంచి నాగాయలంక దాకా ఏ ఊళ్లోకి వెళ్లినా సగం జవాబు దొరుకుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని మింగాక దివిసీమలో శ్లాబు ఇల్లంటే ప్రాణానికి భరోసా. ఆ తరం పైసా పైసా కూడబెట్టి డాబా వేసుకుంది. తర్వాత హైదరాబాదు, అమెరికా జీతాలతో దాని మీద ఇంకో అంతస్తు లేచింది. గ్రానైటు, ఏసీ, గదికో బాత్రూము. భోగికి తాళం తీస్తారు, కనుమ వెళ్లగానే వేస్తారు. కింద డెబ్బై ఏళ్ల దంపతులు ఒక గది, వంటిల్లు, పెరట్లో బాత్రూముతో సరిపెట్టుకుంటారు. రాత్రివేళ ఆ పెరటి మెట్టు మీద కాలు జారితే పక్కింటివాళ్లే దిక్కు. వాళ్లకూ అరవై దాటి ఉంటాయి.

ఆ గదులు నింపే పిల్లలూ తగ్గుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను రాష్ట్రం 2024లో ఎత్తేసింది. సరే, కనమని చెప్పడం సులువే. పుట్టినవాళ్లు ఓ ఇంటివాళ్లు కావడానికి పాతికేళ్లు పడుతుంది. పెద్దవాళ్లకు మెట్లు ఇవాళే అడ్డం.

గుడివాడ మల్లాయపాలెంలో 2023 జూన్‌లో ఒకేచోట 8,912 ప్రభుత్వ టిడ్కో ఇళ్లు ప్రారంభించారు. అద్దె కొంపల్లో నెట్టుకొచ్చినవాళ్లకు అది చిన్న సంగతేమీ కాదు. అయితే అవి జీ ప్లస్ త్రీ భవనాలు. మోకాళ్లు అరిగిన మనిషికి మూడో అంతస్తు తాళంచెవి ఇచ్చి ఏం లాభం? కింది అంతస్తుల్లో వృద్ధులకు, దివ్యాంగులకు ప్రాధాన్యం ఇవ్వాలని వీటికి వర్తించే ప్రధానమంత్రి ఆవాస్ యోజన మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇళ్లు పంచే లాటరీ డబ్బాకు వయసు తెలియదు మరి.

బందరు ఓడరేవు పనులు 2023లో మొదలయ్యాయి. ఇలాంటి పనులకు ముందుగా వచ్చేది కుటుంబాలు కాదు, ఒంటరి కుర్రాళ్లు. వాళ్లకు కావాల్సింది 200 గజాల ప్లాటు కాదు, నీళ్లొచ్చే అద్దె గది. శివార్లలో పల్లపు పొలం మెరక చేసి ప్లాట్లు కొడితే వాననీళ్లు పక్క చేను మీద పడతాయి. ఊరి నడుమ పెంకుటిళ్లేమో వారసుల తగవుల్లో కూలుతున్నాయి. కుళాయి, కరెంటు, బస్సు, ఆస్పత్రి అన్నీ ఉన్నది అక్కడే. అలాంటి ఇంటిని బాగుచేసి కింది పోర్షను పెద్దవాళ్లకు ఉంచి, పైది అద్దెకిచ్చేవారికి కార్పొరేషన్ కొన్నేళ్లపాటు ఇంటిపన్ను తగ్గించాలి. కొత్త లేఅవుట్‌కు సంతకం పెట్టేముందు పట్టణాభివృద్ధి సంస్థ పాత లేఅవుట్లలో ఖాళీ ప్లాట్లెన్నో లెక్క తీయాలి.