జూ అనే బ్యాకప్

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే: బ్యాకప్ ఉంటే చాలదు, దాన్ని మళ్లీ ఎక్కించగలగాలి. మొన్న ఒక కప్ప కథ చదివితే అదే గుర్తొచ్చింది.

టాంజానియాలో కిహాన్సీ జలపాతం తుంపర పడే కాస్త చోటులోనే బతికే బుల్లి పసుపు కప్ప అది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. 1996లో శాస్త్రవేత్తల కంటపడింది. 2000లో కరెంటు కోసం డ్యామ్ నీళ్లు మళ్లించేసరికి ప్రవాహం 90 శాతం తగ్గింది, తుంపర పోయింది. ఆ ఏడాదే 499 కప్పల్ని న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూకి తీసుకెళ్లారు. తర్వాత లోయలో మిగిలినవాటికి ఫంగస్ జబ్బు. 2009లో ఇక అడవిలో లేవని ప్రకటించారు.

జూల్లోనూ ఒక దశలో వందలోపే మిగిలాయి. అయినా బ్రాంక్స్, టొలీడో జూల వాళ్లు పట్టు వదల్లేదు. 2012లో రెండు వేలకు పైగా కప్పలు సొంతూరు చేరాయి.

అక్కడ వాటికోసం పైపులు వేసి తుంపర చల్లే ఏర్పాటు చేశారు. అసలు విషయం అదే. జూ కప్పని కాపాడగలదు, కప్ప ఇంటిని కాదు. జూ ఉందిగా అని లోయని వదిలేస్తే మనకి మిగిలేది, ఎక్కించడానికి చోటు లేని బ్యాకప్!