మెట్టకు నేపియర్ మందు కాదు



సూపర్ నేపియర్ వేస్తే మేత కొరత తీరినట్టేనంటూ ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం నీళ్లున్న రైతుకు పనికొస్తుంది. మా అనంతపురం జిల్లా మెట్ట రైతు దాన్ని నమ్మితే నష్టపోతాడు. ఏ ఊళ్లో ఏ గడ్డి వేయాలో అక్కడి వాన, నేల తేల్చాలి.

నేపియర్ ఆఫ్రికా గడ్డి. దాన్ని సజ్జతో సంకరం చేసి పుట్టించినవే హైబ్రిడ్ నేపియర్ రకాలు. థాయిలాండ్‌లో రూపొందిన పాక్‌చోంగ్ రకాన్ని ఇక్కడ సూపర్ నేపియర్ పేరుతో అమ్ముతున్నారు. వేడి, నీరు, ఎరువు మూడూ అందితే దీనికి సాటి లేదు. నాటిన రెండున్నర నెలలకు మొదటి కోత, ఆపైన నెలన్నరకొకటి. ఎకరాకు ఏటా 150 టన్నులనే లెక్క అలాంటి చేలదే. ఎండాకాలంలో వారం పదిరోజులకోసారి తడి పెట్టాలి. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉండే మా జిల్లాలో ఆ తడి బోరే ఇవ్వాలి. వేసవిలో బోరు ఎండితే, మేతకు కటకటలాడే నెలల్లోనే దుబ్బులూ ఎండుతాయి.

మా ఎర్రనేలలకు అంజన్ గడ్డి, స్టైలో తగినవి. అంజన్ రాజస్థాన్ ఎడారి ప్రాంతాల్లోనూ బతుకుతుంది. పైన మాడిపోయినా వాన పడగానే దుబ్బు చిగురిస్తుంది, గొర్రెలు మేసినా తట్టుకుంటుంది. స్టైలో పప్పుజాతి మొక్క. నేలకు నత్రజనిని, మేతకు మాంసకృత్తులను ఇస్తుంది. దాని గింజ పైపొర గట్టిది కాబట్టి వేడినీళ్లలో కాసేపు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి తొలకరిలో చల్లాలి. ఈ విత్తనాన్ని పండించి అమ్మిన అనుభవం మా జిల్లా రైతులకే ఉంది. అయినా మా ఊళ్లో రాయితీ మీద పంచింది నేపియర్ ముచ్చెలే.

ఈ మాట మెట్టకే పరిమితం కాదు. కోనసీమలో నీరు నిలిచే పల్లపు చేలలో నేపియర్ నిలవదు, పారా గడ్డి నిలుస్తుంది. కొబ్బరి తోటల నీడకు గినీ గడ్డి నయం. లంబసింగి చలికి నేపియర్ ఎదుగుదల మందగిస్తుంది. నీటి వసతి ఉంటే ఆ చలి నెలల్లో అక్కడ ఓట్స్ వేసుకోవచ్చు.

అంజన్, స్టైలో దిగుబడి నేపియర్‌తో పోలిస్తే చాలా తక్కువంటారు. నిజమే. ఆ కాస్త మేతా బోరు, కరెంటు లేకుండా బీడులో వస్తుందన్నది మరవకూడదు. నేపియర్ మానమని నేననడం లేదు. నీళ్లున్నవారు పాడిపశువులకు సరిపడా కొన్ని సెంట్లలో వేసుకోవచ్చు. అయితే లేతగా కోసి దాన్నొక్కదాన్నే మేపితే అందులోని ఆక్సలేట్లు పశువుకు కాల్షియం అందకుండా అడ్డుపడతాయి. దశరథ గడ్డి, అలసంద వంటి పప్పుజాతి మేత కలపాలి.

ప్రభుత్వం మండలంవారీగా వాన, నేల చూసి గడ్డి రకాలను నిర్ణయించాలి. మెట్ట మండలాలకు అంజన్, స్టైలో విత్తనాలు తొలకరికి ముందే చేరాలి. విత్తనోత్పత్తిని ఇక్కడి రైతులకే అప్పగిస్తే వారికీ నాలుగు డబ్బులు వస్తాయి. సంపాదకులైన మీకూ ఒక విన్నపం: ఏ గడ్డి గురించి రాసినా ఎకరాకు ఎన్ని టన్నులో చెప్పినచోటే, ఎన్ని తడులు పెట్టాలో కూడా అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాడిరైతు,
కళ్యాణదుర్గం