రశీదులో వ్యాపారం, ఫిర్యాదులో వైద్యం

సౌందర్య శస్త్రచికిత్స వైద్యమా, వ్యాపారమా అనే ప్రశ్నకు మన దేశంలో రెండు జవాబులున్నాయి. డబ్బు కట్టేటప్పుడు ఒకటి, కుదరలేదని మొరపెట్టుకునేటప్పుడు ఇంకొకటి. ఈ రెండు నాల్కల ధోరణిని గురించి నాలుగు మాటలు వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నా కనురెప్పలే ఇందుకు నిమిత్తమైనాయి.

మొదటి జవాబు సంగతి చూద్దాం. 2017 జూలై 1న అమల్లోకి వచ్చిన జీఎస్టీలో వైద్యసేవలకు పన్ను మినహాయింపు ఉంది. ఐతే తలపై జుట్టు నాటించుకోవడానికీ, సౌందర్య శస్త్రచికిత్సకూ అది వర్తించదు. పుట్టుకతోనో, ఎదుగుదలలోనో వచ్చిన లోపాన్ని గానీ, గాయం వల్ల చెడిన అవయవాన్ని గానీ సరిచేసినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. కేవలం రూపం మార్చుకోవడానికి చేయించుకునే కోతకు ఆరోగ్యబీమా కూడా చెల్లించదు. అంటే, "ఇది రోగం కాదు, నీ ముచ్చట. నీ ముచ్చటకు నువ్వే పెట్టుకో" అని అందఱూ ఏకకంఠంతో చెబుతున్నారన్నమాట. న్యాయమే. నాకు దానిమీద పేచీ లేదు.

నాకు యాభై దాటాయి. పైరెప్పల చర్మం సాగి కళ్ళమీదికి మడతలు దిగాయి. ఎడమకన్ను కుడికన్ను కంటే చిన్నదిగా కనిపించేది. హైదరాబాదులోని ఒక క్లినిక్కుకు వెళ్ళాను. ఆపరేషనుకు ముందూ తరువాతా తీసిన ఇతరుల ఫొటోలు తెరమీద వరసగా వేసి అరచేతిలో వైకుంఠం చూపించారు. డాక్టరుగారు నాతో మాట్లాడింది పది నిమిషాలు. సంతకం చేయవలసిన కాగితాలు ఆపరేషన్ రోజు ఉదయం, ఇంగ్లీషులో, చేతికిచ్చారు. గంటన్నరలో పని ముగిసింది. వారానికి కుట్లు విప్పారు. వాపు తీయాలి, ఆగమన్నారు. ఆగాను. ఆఱునెలలు గడిచాక కూడా ఎడమకన్ను ఎప్పటిలాగే చిన్నది. కుడిరెప్ప మడత ఎడమదానికంటే పైకి పోయింది. అన్నిటికీ మించి, నిద్రలో కుడికన్ను పూర్తిగా మూతపడదు. రోజూ కంట్లో మందు వ్రాసుకుని పడుకోవాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నా విషయంలో అక్షరాలా నిజమయింది.

తరువాత ఇంకొక నేత్రవైద్యురాలు చిన్న స్కేలుతో కొలిచి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్లు వివరించారు. పైరెప్ప వాలినట్లు కనిపించడానికి ముఖ్యంగా మూడు కారణాలుంటాయట. చర్మం సాగడం, రెప్పనెత్తే కండరం పట్టు సడలడం, కనుబొమ కిందికి జారడం. చర్మం కత్తిరిస్తే మొదటి లోపమొక్కటే తీరుతుంది. రెండోదానికి కండరాన్ని బిగించాలి. మూడోదాన్ని గుర్తించకుండా చర్మం తీసేస్తే కనుబొమ మఱింత దిగవచ్చు. నా ఎడమరెప్పది కండరం లోపం. అక్కడ చర్మమెంత కోసినా కన్ను తెఱచుకోదు. దేహమంతటిలోకీ పలుచని చర్మం కనురెప్పదే. ఆ చోట మిల్లీమీటర్ల లెక్కలో ఎక్కువ తీసినా కన్ను మూతపడదు. ఇవన్నీ ముందే కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ అక్కఱలేదు. కంటిపాప నడిమి నుంచి రెప్ప అంచు దాకా స్కేలుతో కొలవడం, కిందిరెప్పకు సన్నని కాగితపు పట్టీ తగిలించి అయిదు నిమిషాల్లో కన్నీరు ఎంత ఊరిందో చూడడం – ఇంతే పని. నాకు ఆ రెండూ చేయలేదు.

క్లినిక్కుకు తిరిగి వెళితే రెండో జవాబు వినిపించింది. "మేడమ్, ఇది వైద్యం. ప్రతి శరీరమూ ఒక్కలాగ మానదు. ఫలితానికి హామీ ఉండదని మీరు సంతకం పెట్టారు." మళ్ళీ చేయాలంటే మళ్ళీ రుసుము కట్టాలి.

ఫలితానికి హామీ ఇవ్వలేమన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మనిషి ఒళ్ళు వడ్రంగి చేతిలో చెక్క కాదు. కానీ నేనడుగుతున్నది హామీ కాదు, నిదానం. రోగికి అనవసరమైన కోత పెట్టేటప్పుడు అవసరమైన కోతకంటే ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలి. ప్రాణం మీదికొచ్చిన రోగికి ఆగే వ్యవధి లేదు. కానీ ఆరోగ్యవంతురాలు వారం ఆగవచ్చు, నెల ఆగవచ్చు, మానుకోనూ వచ్చు. మానుకోవడానికి కావలసిన సమాచారం ఇవ్వకుండా తీసుకున్న సంతకం సమ్మతి ఎలా అవుతుంది ?

చట్టం కూడా ఇదే అంటోంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లో సుప్రీం కోర్టు వి. పి. శాంత కేసులో తేల్చింది. చికిత్స స్వరూపం, దాని ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు తెలియజెప్పి తీసుకున్నదే నిజమైన సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. అడిగిన 72 గంటల్లోగా రోగికి తన రికార్డులివ్వాలని 2002 నాటి వైద్యనైతిక నిబంధనలు చెబుతున్నాయి. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్ళ గడువుంది. ఆయుధాలున్నాయి. పట్టేవారే తక్కువ.

ఎందుకు తక్కువ ? సిగ్గు. కాలు విఱిగి సరిగ్గా అతకకపోతే ఊరంతా జాలిపడుతుంది. రెప్పలు దిద్దించుకుని దెబ్బతింటే, "ఈ వయసులో నీకెందుకమ్మా ఈ సోకులు ?" అంటారు. నన్నూ అన్నారు. ఆ మాట అన్నవారు నాకు బుద్ధి చెబుతున్నామనుకుంటారు గానీ, నిజానికి క్లినిక్కు తరఫున ఉచితంగా వకాల్తా పుచ్చుకుంటున్నారు. రోగి నోరు మూయించడానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. ముచ్చటపడడం నేరం కాదు. జుట్టుకు రంగు వేసుకునేవారూ, పళ్ళు కట్టించుకునేవారూ పడే ముచ్చటే ఇదీను.

కాబట్టి నేను కోరేవి మూడే. కొలతలూ, లోపం ఏమిటన్న నిర్ధారణా వ్రాతపూర్వకంగా రోగి చేతికివ్వాలి. సమ్మతిపత్రం తెలుగులో, కనీసం వారం ముందు ఇవ్వాలి. మళ్ళీ చేయవలసివస్తే ఖర్చు ఎవరిదో అందులోనే వ్రాయాలి. వ్యాపారమంటే వ్యాపారపు షరతులైనా పాటించాలి, వైద్యమంటే వైద్యపు ధర్మమైనా పాటించాలి. రెండిటిలో లాభం మాత్రం పుచ్చుకుని రెండిటి బాధ్యతా వదిలేస్తామంటే కుదరదు.