శిక్షణ లేని చేతికి సైటు అప్పగించొద్దు

2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో, కొత్తగా కట్టిన గోడ వానకు కూలి క్యూలో ఉన్న ఏడుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. ఉత్సవం ముంచుకొస్తోందని హడావుడిగా లేపిన గోడ అది. విచారణ జరిగింది, అధికారులు సస్పెండయ్యారు. అది అవసరమే కానీ అంతటితో సరిపోదు. కొండవాలున మట్టిని ఆపే గోడకు పునాది ఎంత లోతుండాలి? వెనక చేరే నీరు ఎటు పోవాలి? ఉన్న గడువులో ఈ పని సాధ్యమేనా? ఈ మూడు ప్రశ్నలూ పని మొదలవకముందే అడిగి, సరైన జవాబు రాకపోతే పని ఆపేయగల మనిషి ప్రతి సైటులోనూ ఉండాలి. అలాంటి మనిషిని తయారుచేసే బాధ్యతను తెలుగు రాష్ట్రాలు ఇంతకాలం కాలేజీల సిలబస్‌కు, కాంట్రాక్టర్ల దయకు వదిలేశాయి. ఇకనైనా ఆ బాధ్యతను ప్రభుత్వాలు తమ నెత్తిన వేసుకోవాలి.

సివిల్ ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నంత మాత్రాన సైటు నడపడం వచ్చేయదు. దూలం డిజైన్ లెక్క కట్టగలగడం ఒక విద్య. మేస్త్రీలను, రాడ్ బెండర్లను, సెంట్రింగ్ ముఠాను, ఇసుక లారీలను, బిల్లులను, వాతావరణాన్ని కలిపి ఒక పనిని గడువులో, నాణ్యతతో, ఎవరికీ దెబ్బ తగలకుండా పూర్తి చేయించడం వేరే విద్య. రెండోదాన్ని మన కాలేజీలు ఒకటో రెండో పేపర్లతో సరిపెడుతున్నాయి. ఇంటర్న్‌షిప్ నిబంధన ఉన్నా చాలాచోట్ల అది సర్టిఫికెట్ కాగితంగానే మిగిలిపోతోంది. పట్టా చేతికొచ్చిన మర్నాడే 22 ఏళ్ల కుర్రాడు సైట్ ఇంజినీరై, పాతికేళ్ల అనుభవమున్న మేస్త్రికి పని చెప్పాల్సి వస్తోంది. తప్పు అని తెలిసినా ‘ఆపండి’ అనే ధైర్యం అతనికెక్కడిది?

స్లాబు వేసే రోజునే చూడండి. కాంక్రీటు పోస్తున్నప్పుడే 15 సెంటీమీటర్ల క్యూబులు తీయాలి. అచ్చును మూడు పొరలుగా నింపి, చేత్తో కూరితే పొరకు కనీసం 35 పోట్లు పొడవాలి. నీళ్లలో నానబెట్టి 28వ రోజున బలం పరీక్షించాలి. పోసే కాంక్రీటు 6 నుంచి 15 ఘనపు మీటర్లయితే రెండు నమూనాలు, 16 నుంచి 30 అయితే మూడు నమూనాలు తీయాలన్నది కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 లెక్క. మామూలు సిమెంటుతో పోసిన స్లాబు స్పాన్ నాలుగున్నర మీటర్ల లోపైతే కనీసం 7 రోజులు, దాటితే కనీసం 14 రోజులు కింది ఆసరాలు తీయకూడదు. పుస్తకంలో ఇదంతా ఒక్క పేజీ. సైటులో మాత్రం సెంట్రింగ్ అద్దె రోజురోజుకూ పెరుగుతుంటుంది, మరో సైటులో ఆ షీట్లకోసం ఎదురుచూస్తుంటారు, ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు. ఆ ఒత్తిడిలో ‘ఇంకా నాలుగు రోజులు ఆగాల్సిందే’ అని నిలబడటం గట్టి మేనేజరు కింద పనిచేస్తూ నేర్చుకోవాల్సిన గుణం. దాన్ని పరీక్ష హాల్లో నేర్పలేం.

నేర్పే చోట్లు లేవని కాదు. 1983లో మొదలైన, నిర్మాణ నిర్వహణ నేర్పే నిక్మార్ సంస్థకు హైదరాబాద్ శివారు శామీర్‌పేటలో ప్రాంగణం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (న్యాక్) వేలమందికి తాపీ పని, వడ్రంగం, ఎలక్ట్రికల్ పనులు నేర్పింది. అయినా మన పిల్లలు అప్పులు చేసి కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదవడానికి అమెరికా, బ్రిటన్ వెళుతున్నారు. ఇక్కడేమో అమరావతి పనులు మళ్లీ పట్టాలెక్కాయి, పోలవరం సాగుతోంది, తెలంగాణలో ప్రాంతీయ రింగు రోడ్డు రాబోతోంది. ఇన్ని పనులు ముందుంటే, వాటిని నడిపే వాళ్లను తయారుచేసే ప్రణాళిక ఎక్కడ?

చట్టం ఉంది కదా అనొచ్చు. 250 మంది, అంతకు మించి కార్మికులున్న నిర్మాణ పనిలో భద్రతాధికారి ఉండాలని 2020 నాటి వృత్తి భద్రత కోడ్ చెబుతోంది. అపార్ట్‌మెంట్లు, బడి గదులు, ప్రహరీలు, కాలువ గోడల పనులు చాలావరకు ఆ సంఖ్య దరిదాపులకు రావు. ప్రభుత్వ ఒప్పందాల్లో సాంకేతిక సిబ్బందిని పెట్టాలన్న షరతు ఉంటుంది, పెట్టకపోతే బిల్లులో కోత ఉంటుంది. కోతతో తప్పించుకోగలిగినంత కాలం ఆ షరతు కాగితం దాటదు. మనిషి లేకపోతే పనే ఆగాలి.

ప్రతి సైటుకూ శిక్షణ పొందిన మేనేజరు ఉండాలనడం చిన్న కాంట్రాక్టర్లకు భారమన్న మాటలో కొంత నిజముంది. చిన్న పనులు నాలుగైదింటికి కలిపి ఒకే మేనేజరును అనుమతిస్తే ఆ భారం తగ్గుతుంది. చదువుకన్నా అనుభవమే గొప్పదన్న వాదనా ఉంది. అలాగైతే అనుభవానికీ పట్టా ఇద్దాం. పాలమూరు నుంచి, సిక్కోలు నుంచి దేశమంతా తిరిగి డ్యాములు, మేడలు కట్టిన మేస్త్రీలకు కొలతలు, డ్రాయింగులు, భద్రతా నియమాలు నేర్పి పరీక్ష పెడితే సూపర్‌వైజర్లు కాగలరు. ఇంటర్ తప్పారన్న కారణంగా వాళ్లకు ఆ మెట్టు మూసేయడం అన్యాయం. నిర్మాణ వ్యయంలో 1 శాతంగా వసూలయ్యే సెస్సు కార్మికుల సొమ్ము. సంక్షేమానికి లోటు రానీయకుండా వాళ్ల నైపుణ్యానికి కొంత ఖర్చుపెడితే అది వాళ్లకే చేరుతుంది.

రెండు ప్రభుత్వాలూ చేయాల్సినవి నాలుగు. సివిల్ పట్టభద్రులకు, డిప్లొమా వాళ్లకు స్టైపెండ్‌తో ఏడాదిపాటు సైటు శిక్షణ తప్పనిసరి చేయాలి. దాన్ని సర్టిఫికెట్‌తో కాకుండా, రోజువారీ సైటు డైరీ, ముఖాముఖి పరీక్షతో తేల్చాలి. న్యాక్‌లో సైటు నిర్వహణ కోర్సును పెద్దఎత్తున ప్రారంభించి మేస్త్రీలకూ తలుపు తెరవాలి. ప్రతి ప్రభుత్వ పనికీ బాధ్యుడైన సైటు మేనేజరు పేరు, అర్హత సైటు బోర్డు మీద రాసి, పని ఆపే అధికారాన్ని ఒప్పందంలోనే అతనికి ఇవ్వాలి. తప్పు జరిగితే బాధ్యత కూడా అతనిదే కావాలి. వచ్చే బడ్జెట్‌లో వీటికి నిధులు, వచ్చే టెండర్లలో ఈ షరతు కనిపించాలి. అప్పటిదాకా పిలిచే ప్రతి టెండరూ జనం ప్రాణాలను లెక్కలోకి తీసుకోని టెండరే.